పడొచ్చు, పడకపోవచ్చు: పగులు కింద నా ఇంగ్లీషు పాఠం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంగ్లీషు టీచర్లు కొందరు పొద్దున్నే మా సిద్దిపేట కోమటి చెరువు కట్ట మీద నన్ను పట్టుకుంటారు. "సార్, మీ అనుభవం జర చెప్పున్రి" అంటారు. నా అనుభవంలో సగం చాక్‌పీసు పొడి, మిగతా సగం ఎదురుచూపు. బస్సు కోసం చూడటం, పై అధికారి కోసం చూడటం, గంట కొట్టే అటెండరు నిద్ర లేస్తాడా అని చూడటం. ప్రమోషన్ల సంగతి నేను చెప్పను. అది వినాలంటే ఏ టీచరింటి పెళ్లికైనా పోయి భోజనాల దగ్గర కూర్చోండి, చెవులు తూట్లు పడేదాకా చెబుతారు.

నేను చెప్పేది ఒక్క పాఠం గురించి. ఇంగ్లీషులో 'మే', 'మైట్', 'కుడ్' అని చిన్న చిన్న మాటలున్నాయి. ఒక పని జరగొచ్చు, జరిగినా జరగొచ్చు, జరిగే వీలుంది అని చెప్పడానికి వాడతారు. ఏడో తరగతి వ్యాకరణం అది, ఎవరి ప్రాణానికీ సంబంధం లేని పాఠం. మా బళ్లో మాత్రం సంబంధం ఉండింది. ఒక ఏడాది పొడుగునా ఆ మాటలు పిల్లల నెత్తి మీద వేలాడాయి. నేను ఊరికే అలంకారానికి అనడం లేదు, నిజంగానే వేలాడాయి.

బస్సు వస్తే రావొచ్చు

మా ఇల్లు సిద్దిపేటలో. బడి చిన్నకోడూరు దారిలో ఒక ఊళ్లో. ఆ ఊరి పేరు చెప్పను. ఊరివాళ్లు మంచివాళ్లు, పైగా నా ఫోన్ నంబరు ఇంకా వాళ్ల దగ్గరుంది.

పుస్తకంలో ఈ పాఠం 'ఇట్ మే రెయిన్' అన్న వాక్యంతో మొదలవుతుంది. వాన పడొచ్చు అని అర్థం. పక్కన గొడుగు బొమ్మ. మా పిల్లలకు గొడుగు చూస్తే వాన గుర్తుకు రాదు, పింఛనుకు ఎండలో పోయే తాత గుర్తుకొస్తాడు. అందుకని నేను గొడుగు వదిలేసి బస్సు పట్టుకున్నాను. 'బస్సు వస్తుంది' అనేది టైం టేబులు రాసినాయన మాట. 'మే కమ్', రావొచ్చు, అనేది కండక్టరు మాట. 'మైట్ కమ్', వచ్చినా రావొచ్చు, అనేది బస్టాపు పక్కన చాయ్ హోటలాయన మాట. 'కుడ్ కమ్' అంటే రోడ్డుంది, బండికి టైర్లున్నాయి, రావడానికి అడ్డమేమీ లేదు అని. పిల్లలు ఠక్కున పట్టుకున్నారు. వాళ్లు పుట్టినప్పటి నుంచీ ఈ మాటల మధ్యనే బతుకుతున్నారాయె.

కొందరు సార్లు 'మే' అంటే సగం నమ్మకం, 'మైట్' అంటే పావు నమ్మకం అని బోర్డు మీద పట్టికలు గీస్తారు. గీయకండి. నమ్మకాన్ని కొలిచే తక్కెడ ఏ కొట్లోనూ దొరకదు. మాట్లాడేవాడు తన మాట మీద తాను ఎంత బరువు పెడుతున్నాడో పిల్లలకు వినబడేలా చేస్తే చాలు. మిగతాది వాళ్లే చూసుకుంటారు.

రెండు గదులు

మా హెడ్మాస్టరు బాల్‌రెడ్డి సారు. చెడ్డ మనిషి కాదు. కానీ పైనుంచి ఎవరైనా వస్తున్నారంటే ఆయనకు భయంతో ఒళ్లు కాలిపోయేది. 'కావొచ్చు', 'ఏమో' అనే మాటలు ఆయనకు పడవు. "ఔనా, కాదా, ఒక్కటి చెప్పున్రి కనకయ్య సార్. నడుమ మాట నాకొద్దు" అనేవాడు. అట్లాంటి మనిషి బళ్లో నడుమ మాటల పాఠం చెప్పే పని నాకు పడింది. మన రాత.

ఏడో తరగతి గది కప్పుకు ఒక పగులుండేది. తలుపు మూల మొదలై, ఫ్యాను కొక్కెం పక్క నుంచి, వంకర తిరుగుతూ ఎదుటి కిటికీ దాకా పోయేది. వానకు నానేది, ఎండకు ఎండేది, ఏటికేడు ఇంకొంచెం నోరు తెరిచేది. ఫ్యాను తిప్పితే సున్నం పెచ్చులు రాలేవి. పిల్లలు పుస్తకం తెరిచే ముందు దాన్ని ఊదుకోవడం అలవాటు చేసుకున్నారు.

ఆ గది పక్కనే కొత్త గది. కట్టడం అయిపోయింది, రంగులు వేశారు, బెంచీలొచ్చాయి, ఫ్యాన్లు కూడా బిగించారు. దానికి తాళం. ఎందుకంటే ప్రారంభోత్సవం కాలేదు. రిబ్బను కత్తిరించాల్సిన పెద్దమనిషికి తీరిక దొరకలేదు. గోడకు శిలాఫలకం బిగించి ఆయన పేరు, ఆయన వెంట వచ్చేవాళ్ల పేర్లు, చివర మా హెడ్మాస్టరు పేరు చెక్కించారు. తేదీ రాయాల్సిన చోటు నున్నగా ఖాళీగా ఉంది. ఫలకం మీద ఒక తెర. తెరను కోతులెత్తుకుపోతే మళ్లీ ఇంకో తెర.

"సార్, పిల్లలను కొత్త గదిల కూసోబెడదాం. రిబ్బను తర్వాత కత్తిరించుకోవచ్చు" అన్నాను.

"ముందుగాల కాపురం పెట్టి తర్వాత పెండ్లి చేస్తరా?" అన్నాడు బాల్‌రెడ్డి సారు. "గా సారు వచ్చేసరికి బెంచీల మీద గీతలుంటే నా గతేంగాను?"

"మరి పాత గది కప్పు పడితే?"

"పడుతదా, పడదా? ఒక్కటి చెప్పున్రి."

"పడొచ్చు సార్."

"పడొచ్చు అంటే ఇంక పడలే అన్నట్టే గద!"

ఇదీ మా వాదన. వారానికోసారి ఇదే మాట, ఇదే జవాబు. బయట వేప చెట్టు కింద పాఠం చెబుదామంటే కోతులు. ఒకసారి సాహసం చేశాం. ఒక కోతి నా కళ్లజోడు గుంజుకుని చెట్టెక్కి, పెట్టుకోవడానికి కూడా ప్రయత్నించింది. అరటిపండు ఆశ చూపి తెచ్చుకునేసరికి పీరియడ్ అయిపోయింది. వరండాలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు. ఇక మిగిలింది పగులు కింది గదే.

చాయ్‌లో పడ్డ పెచ్చు

వానాకాలం సగంలో ఒక విద్యాధికారి మా బడికి వస్తున్నాడని కబురొచ్చింది. మన బళ్లలో ఒక ఆనవాయితీ ఉంది, ఇంకా చూడకపోతే త్వరలోనే చూస్తారు. ఎవరొచ్చినా ఒక 'మోడల్ పాఠం' చూపించాలి. ముందు వారం రోజులు అదే పాఠం, అవే ప్రశ్నలు, అవే జవాబులు, పెళ్లికి ముందు బ్యాండు వాళ్లు చేసే సాధన లాగా. అతిథి కుర్చీ ఫ్యాను కింద వేసి దాని మీద కొత్త తువ్వాల పరుస్తారు. చాయ్, బిస్కెట్లు. పిల్లలకు ఒక్కటే ఆజ్ఞ: అతిథులు గదిలో ఉన్నంతసేపు జవాబు చెప్పడానికి తప్ప ఎవ్వరూ లేవకూడదు, కదలకూడదు.

"మీరు 'మే, మైట్' చెయ్యున్రి. మాట్లాడినట్టుంటది, తప్పు దొరకది" అన్నాడు బాల్‌రెడ్డి సారు.

నేను పిల్లలకు ఒక్కటే చెప్పాను. పుస్తకంలో వాక్యాలు వద్దు, మీ కళ్ల ముందున్నదాని మీద మీరే తయారు చేయండి అని. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరూ కలిసి పైకి చూశారు.

అధికారి వచ్చి తువ్వాల మీద కూర్చున్నాడు. మల్లేశం లేచి, "ద రూఫ్ మే ఫాల్" అన్నాడు. కప్పు పడొచ్చు. స్వప్న లేచి, "ఇట్ మైట్ ఫాల్ టుడే" అంది. ఇవాళే పడినా పడొచ్చు. తర్వాత రజిత లేచింది. ముందు బెంచీ పిల్ల, నోరు గల పిల్ల. నాయన దుబాయ్‌లో, అమ్మ ఇంట్లో బీడీలు చుడుతుంది. "ఇట్ కుడ్ ఫాల్ ఆన్ అవర్ గెస్ట్" అంది. మన అతిథి మీద పడే వీలుంది అని.

అధికారి కళ్లు సగం మూసుకుని కచేరీ విన్నట్టు విన్నాడు. "వెరీ గుడ్! గని బిడ్డా, 'ఫాల్' అన్నప్పుడు మీది పండ్లు కింది పెదవికి తాకాలె. మళ్ల చెప్పు" అన్నాడు. రజిత మీది పండ్లు కింది పెదవికి తాకించి, కప్పు ఆయన నెత్తిన పడే వీలుందని మళ్లీ చెప్పింది. ఆయన చప్పట్లు కొట్టాడు.

సరిగ్గా అప్పుడే ఒక పెచ్చు రాలి ఆయన చాయ్‌లో పడింది. ఆయన కప్పులోకి చూశాడు. పైకి చూశాడు. హమ్మయ్య, ఇప్పటికి మాట చెవికెక్కింది అనుకున్నాను.

"ఎక్సలెంట్!" అన్నాడు. "పాఠానికి తగ్గట్టు బోధనోపకరణం గూడ పెట్టిన్రు! ఎవలిదీ ఐడియా?" అని ఇంకో చాయ్ తెమ్మన్నాడు.

బయటికొచ్చాక ఆయన్ని కారు దగ్గర ఆపి తెలుగులోనే చెప్పాను. "సార్, నిజంగనే పడేటట్టుంది. కొత్త గది తాళం తీయమనున్రి."

ఆయన నా భుజం మీద చెయ్యేసి నవ్వాడు. "మీరింకా పాఠంలనే ఉన్నరు సార్! టీచరంటే గిట్లుండాలె."

కప్పు పాఠం పేరు మోసింది

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం మనుషులు మన శాఖలో చాలామంది. ఆ అధికారి చుట్టుపక్కల బళ్ల ఇంగ్లీషు టీచర్లందరినీ మా పాఠం చూసి రమ్మన్నాడు. నంగునూరు నుంచి వచ్చారు, సిద్దిపేట నుంచి వచ్చారు. వచ్చి పగులు కింద కూర్చుని, పైకి చూసి, బుద్ధిగా రాసుకున్నారు. ఒక మేడం పగులును ఫొటో తీసి, "సార్, మా బళ్ల కప్పు మంచిగుంది, మేమేం చెయ్యాలె?" అని నన్నే అడిగింది. ఏం చెప్పమంటారు?

బాల్‌రెడ్డి సారు ఉషారు చూడాలి. వచ్చినవాళ్లకు స్పష్టంగా కనబడాలని పగులు అంచుల వెంట ఎర్ర రంగు వేయించాడు. పక్కన ఒక బాణం గుర్తు, 'క్రాక్' అని ఇంగ్లీషు అక్షరాలు. రంగు వేసినవాడు నిచ్చెన మీద నుంచి, "సార్, చెయ్యి పెడితే లోపటికి పోతుంది" అన్నాడు. "చెయ్యెందుకు పెడుతవ్? రంగు పెట్టు" అన్నాడు మా సారు.

తర్వాత నేనే ఒక మేస్త్రీని పిలిపించాను, కనీసం సిమెంటుతోనైనా పూడ్పిద్దామని. బాల్‌రెడ్డి సారు అతన్ని గేటు దగ్గరే తిప్పి పంపాడు. "పగులు పూడిస్తే పాఠమెట్ల నడుస్తది?" అన్నాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ నా పని. కప్పు పడుతుందని చెప్పడానికి పెట్టిన పాఠం, ఇప్పుడు కప్పును ముట్టుకోనివ్వకుండా కాపలా కాస్తోంది.

పాఠం మార్చి చూశాను. ఒకరోజు చూడటానికి వచ్చినవాళ్ల ముందు పిల్లల చేత బస్సు వాక్యాలు చెప్పించాను. వాళ్లు ముఖం మాడ్చుకున్నారు. "మేము కప్పు పాఠం చూద్దామని ఇంత దూరం వచ్చినం సార్" అన్నారు. ఇంకోసారి సరిగ్గా చెప్పొద్దని పిల్లలకు ముందే చెప్పాను. పిల్లలు నీళ్లు నమిలారు. అది ఇంకా నచ్చింది వాళ్లకు, 'సహజంగా ఉంది' అని రాసిపోయారు.

లెక్కలు చెప్పే సుజాత మేడం అదే గదిలో నా తర్వాత పీరియడ్ తీసుకునేది. "మీ పాఠం మంచిగై మా కొంప మునిగింది సార్" అనేది. ఆమె హెల్మెట్ పెట్టుకుని స్కూటీ మీద వచ్చేది. కొన్నాళ్లకు హెల్మెట్ తియ్యకుండానే క్లాసులోకి పోవడం మొదలుపెట్టింది. బాల్‌రెడ్డి సారు అడిగితే, "తల నొస్తుంది సార్" అంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది రాసిపెట్టుకోండి. మన దగ్గర ఇంగ్లీషును చూడటానికి వస్తారు, వినడానికి ఎవరూ రారు. పిల్లవాడు నోరు తెరిచి ఇంగ్లీషులో ఏదంటే అది అంటే చాలు, చప్పట్లు. వాడేమంటున్నాడో పట్టించుకునే మనిషి మీరొక్కరే కావొచ్చు. అందుకే చెవులు మూసుకోకండి.

వంతు

చలికాలంలో ఒకరోజు రజిత వాళ్లమ్మ బడికొచ్చింది. పేరు లచ్చవ్వ. కొంగులో రేగుపండ్లు మూటగట్టుకుని వచ్చి నా బల్ల మీద పోసింది.

"సార్, మా పిల్ల దినాం గిన్ని పండ్లు తెస్తుంది. ఎక్కడియే అంటే 'వంతు పండ్లు' అంటది. ఏం వంతు సార్? దొంగతనం గిట్ల నేర్సిందా?"

క్లాసులోకి పోయి అడిగాను. అందరూ రజిత వైపు చూశారు, రజిత కిటికీ వైపు చూసింది. చివరికి మల్లేశం లేచాడు.

"సార్, ఫ్యాను కొక్కెం కింది జాగల పగులు పెద్దగుంది గద. గాడ కూసునేది వంతు సార్. రోజుకొకలం. హాజరుల పేరెట్ల వస్తే అట్ల."

"మరి పండ్లేందిరా?"

"భయమైనోళ్లు రజితకు పండ్లిస్తే, వాళ్ల వంతు రజిత కూసుంటది."

బెంచీల్లో పిల్లలు రోజూ చోట్లు మారుతుంటే అల్లరి అనుకుని నేనే కసిరేవాణ్ని. అల్లరి కాదు. పడితే ఎవరి మీద పడాలో వాళ్లలో వాళ్లు న్యాయంగా పంచుకున్నారు. పెద్దవాళ్లమంతా పడుతుందా, పడదా అని వాదించుకుంటూ ఉంటే, పడుతుందని నమ్మి దానికో పద్ధతి పెట్టుకున్నది పిల్లలే.

"నీకు భయం లేదా బిడ్డా?" అని రజితను అడిగాను.

"ఉంటది సార్. గని స్వప్న గాడ కూసుంటే ఏడుసుకుంట లెక్కలన్ని తప్పు చేస్తది. నేనైతే మీదికే చూసుకుంట కూసుంట. పడేటప్పుడు అందరికి చెప్త గద."

లచ్చవ్వ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే అరికాలి మంట నెత్తికెక్కింది. బాల్‌రెడ్డి సారు గదిలోకి పోయి బల్ల మీద గుద్ది తాళంచెవి అడిగాను.

ఆయన తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. "జర ఓపిక పట్టున్రి కనకయ్య సార్. గా సారు వచ్చే సోమవారం రావొచ్చట."

"రావొచ్చు అంటే ఇంక రాలే అన్నట్టే గద!"

ఆయన మాట ఆయనకే తగిలింది. "నా సర్వీసు అయిపోవస్తుంది. రిబ్బను కాకముందే తాళం తీసిండని నా మీద పడుతరు. నన్ను సుకంగ ఇంటికి పోనీయున్రి" అన్నాడు. అరిచేవాడి మీద అరవచ్చు, బతిమాలేవాడితో ఏం చేస్తాం?

ఆ రోజు బెంచీలన్నీ గోడలకు జరిపించాను. పగులు గది పొడుగునా ఉంది, ఎక్కడికి జరిపినా ఏదో ఒక బెంచీ కొస దాని కిందికే వచ్చేది. పిల్లలకు పరుగు నేర్పాను, నేను చాక్‌పీసుతో బల్ల మీద కొట్టగానే పుస్తకాలు వదిలేసి బయటికి ఉరకాలని. రెండోసారి ఉరికేటప్పటికే బాల్‌రెడ్డి సారు వచ్చి ఆపించాడు. "గెస్టులున్నప్పుడు గిట్ల ఉరికితే ఇజ్జత్ ఏమైతది? వాళ్లున్నంతసేపు ఒక్కలు గూడ లేవొద్దు" అని పిల్లలకు మళ్లీ గట్టిగా చెప్పి, బెంచీలు పాత చోట్లకే జరిపించి పోయాడు. సోమవారం ఎవరూ రాలేదు.

రిబ్బను

ఎండలు ముదిరాక, ఎవరూ అనుకోని ఒకరోజు, పెద్దమనిషి నిజంగానే వచ్చాడు.

కొత్త గది తలుపులు బార్లా తీశారు. మామిడాకుల తోరణం, అడ్డంగా ఎర్ర రిబ్బను. బాల్‌రెడ్డి సారు పళ్లెంలో కత్తెర, పసుపు, కుంకుమ పెట్టుకుని నిలబడ్డాడు. పెద్దమనిషి దిగుతూనే, "గీడ కప్పు పాఠమట గద, మస్తు పేరుందట. ముందుగాల గా పాఠం చూద్దాం" అన్నాడు. వెంట వచ్చిన జనమంతా పాత గదిలోకి దూరారు. విద్యాధికారి, ఊరి పెద్దలు, ఫొటోగ్రాఫరు, కండువాల మీద కండువాలు. తలుపు దగ్గర నాకు ఒంటి కాలి మీద నిలబడేంత జాగ మిగిలింది. పెద్దమనిషి కుర్చీ ఫ్యాను కింద వేశారు, తువ్వాల పరిచారు. నేను ఎంత వద్దన్నా పిల్లలు వంతులు మానలేదు, ఆ రోజు ఆ జాగ రజిత వంతు. పండ్లు తీసుకున్న వంతు కాదు, హాజరు ప్రకారం దాని సొంత వంతే. కుర్చీ కోసం బెంచీ జరిపేశారు కాబట్టి అది కుర్చీ పక్కన నిలబడి ఉంది.

పాఠం మొదలైంది. "ద రూఫ్ మే ఫాల్" అన్నాడు మల్లేశం. చప్పట్లు. "ఇట్ మైట్ ఫాల్ టుడే" అంది స్వప్న. ఇంకా గట్టిగా చప్పట్లు, ఆ చప్పుడుకే కొంచెం సున్నం రాలింది. తర్వాత రజిత. నోరు తెరవలేదు. "ఇట్ కుడ్..." అని నేను తలుపు దగ్గర నుంచి అందించాను. అది వినిపించుకోలేదు. పెద్దమనిషి వైపు తిరిగి చేతులు కట్టుకుంది.

"సార్, మీరు కూసున్నది నా వంతు జాగ. జర గా దిక్కు జరుగున్రి, నేను కూసుంట."

పెద్దమనిషి ముచ్చటపడ్డాడు. "ఏం వంతు బిడ్డా? ఆటనా?"

"ఆట కాదు సార్. కప్పు పడే జాగ. రోజుకొకలం కూసుంటం. పడితే వంతున్నోళ్ల మీద పడాలె గని, మన బడికొచ్చినోళ్ల మీద పడొద్దు గద."

పెద్దమనిషి మెల్లగా తలెత్తాడు. ఎర్ర రంగు అంచులు, బాణం గుర్తు, అక్షరాలు చూశాడు. "గిది నిజం పగులా?" అన్నాడు.

"సార్, అది బోధనోపకరణం..." అని విద్యాధికారి అనబోయాడు. మాట పూర్తి కాలేదు. అరచేయంత పెచ్చు ఒకటి రాలి పెద్దమనిషి తెల్ల చొక్కా మీద పడింది.

ఆ తర్వాత మనిషికి మనిషి ఆగలేదు. కుర్చీ పల్టీ కొట్టింది. కండువాలు తలుపులో ఇరుక్కున్నాయి. ఎవరిదో చెప్పు ఎవరి కాలికో పోయింది. నేను తలుపు దగ్గర ఉన్నానేమో, ఆ వరదకు వెనక్కి కొట్టుకుపోయి బియ్యం బస్తాల మీద పడ్డాను. బయట ఎండ, చెట్టు మీద కోతులు. జనం పక్కనే తెరిచి ఉన్న తలుపులోకి దూరారు. అది కొత్త గది. రిబ్బను ఎవరి పొట్టకు తగిలి తెగిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. లోపలికి పోయేసరికి పెద్దమనిషి మెడలో దండలాగా ఉంది. ఫొటోగ్రాఫరు అలవాటు కొద్దీ ఫొటో తీశాడు. బాల్‌రెడ్డి సారు పళ్లెం ఒలకకుండా ఉరికొచ్చి, "సార్, ఇంక కత్తిరించనే లేదు" అన్నాడు.

"ఇంకేం కత్తిరించాలయ్యా!" అని పెద్దమనిషి రొప్పుతూ ముందు బెంచీ మీద కూలబడ్డాడు.

నేను బస్తాల మీద నుంచి లేచి కొత్త గదిలోకి చూశాను. మాకు జీతాలిచ్చే, బదిలీలు చేసే, పాఠాలు చెప్పమనే మనుషులంతా అందులో క్షేమంగా ఉన్నారు. తిరిగి పాత గదిలోకి చూశాను. పిల్లలు కూర్చునే ఉన్నారు. చేతులు కట్టుకుని, వరుసల్లో, కదలకుండా. రజిత పల్టీ కొట్టిన కుర్చీని లేపి నిలబెట్టింది. జాగ ఖాళీ అయింది కదా, పగులు కింద తన వంతుకు తాను కూర్చుని పైకి చూస్తోంది.

"లేవున్రి!" అని అరిచాను. "బయటికి రాండ్రి!"

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. మల్లేశం నెమ్మదిగా అడిగాడు. "సార్, గెస్టులు పోయిన్రా?"

"పోయిన్రు బిడ్డా. అందరు పోయిన్రు. మీరు రాండ్రి."

అప్పుడు లేచారు. వరుసగా వచ్చారు, ఎవరూ తోసుకోలేదు. రజిత అందరికన్నా వెనుక, పైకే చూస్తూ, వెనక్కి నడుస్తూ వచ్చింది. కొత్త గదిలోకి తీసుకుపోయాను. బెంచీలన్నిటి మీదా పెద్దవాళ్లే ఉన్నారు, ఒకరికొకరు నీళ్లిచ్చుకుంటున్నారు. పిల్లలు గోడ పొంటి నిలబడ్డారు. రజిత మాత్రం సంచి భుజానేసుకుని ముందు బెంచీ దగ్గరికి పోయింది.

"సార్, గిది మా జాగ."

పెద్దమనిషి బాల్‌రెడ్డి సారు వైపు చూశాడు. బాల్‌రెడ్డి సారు పిల్లల వైపు చూశాడు, పళ్లెం వైపు చూశాడు. పళ్లెం కింద పెట్టాడు.

"లేవున్రి సార్. పిల్లలు కూసోవాలె" అన్నాడు.

పెద్దమనిషి లేచాడు. ఆయన లేస్తే అందరూ లేచారు. కండువాలు సర్దుకుంటూ ఎండలోకి పోయారు. ఆ తర్వాత బాల్‌రెడ్డి సారుకు ఒక తాఖీదు వచ్చింది. ఏముందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన మీద నాకు అన్నేళ్లూ ఉన్న కోపం ఆ ఒక్క మాటతో పోయింది.

మూడో పీరియడ్

పాత గదికి తాళం పడింది. నెల తిరగకముందే ఆ పక్కంతా వడగండ్ల వాన కొట్టింది. మరునాడు కొత్త గదిలో మూడో పీరియడ్, నా ఇంగ్లీషు క్లాసు. ఒక కథ చదివిస్తున్నాను. స్వప్న చదువుతోంది.

మొదట గోడ అదిరింది. తర్వాత చప్పుడు. కిటికీల్లోంచి సున్నం దుమ్ము లోపలికొచ్చి బెంచీల మీద, పుస్తకాల మీద, పిల్లల జుట్టు మీద తెల్లగా పరుచుకుంది. ఎవరూ అరవలేదు. స్వప్న వేలు ఏ మాట దగ్గర ఉందో అక్కడే పెట్టి ఆగింది. పక్కన పాత గదిలో కూలిన కప్పు ఇటుకలు ఇంకా ఒక్కొక్కటే జారుతున్న చప్పుడు వినబడుతోంది. సుజాత మేడం హెల్మెట్‌తో ఉరికొచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. ఆమె వెనుక బాల్‌రెడ్డి సారు.

ఏం చేయాలో తోచక హాజరు పట్టీ తెరిచాను. పొద్దున పిలిచిన హాజరే, మళ్లీ మొదటి నుంచి పిలిచాను. ఎందుకు సార్ అని ఒక్కరూ అనలేదు. ఒక్కో పేరు పిలిచి, గొంతు వినబడేదాకా ఆగి, ఇంకో పేరు పిలిచాను. అందరూ పలికారు.